రెడ్‌హిల్స్ మీద యాత్రకీర్తనలు

10 జనవరి 1954, ఆదివారం

జార్జి ఈ రోజు కూడా గంట కొట్టాడు.

ఏలీయా కర్మెలు కొండ మీద బలిపీఠం కట్టాడు. దాని మీద నీళ్లు పోయించాడు. చేతులెత్తాడు. ఇక ఆకాశం నుంచి అగ్ని దిగాలి, అంతే. అప్పుడు గంట. ప్రసంగానికి నాకిచ్చిన పది నిమిషాలు అయిపోయాయట. నాంపల్లి సంఘం యావత్తూ తడిసిన బలిపీఠాన్ని తలుచుకుంటూ ఇళ్లకు పోయింది. ఈ జార్జి సంఘానికి పెద్ద. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని, గంట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. వాక్యం వినడు, ముల్లు చూస్తాడు.

బయటికి వచ్చాక పట్టుకున్నాను.

"సంఘం తీర్మానం దేవసహాయం, నన్నేం చెయ్యమంటవ్? పిల్లలు ఆకలికి ఏడుస్తున్రు" అన్నాడు.

"ఇశ్రాయేలు పిల్లలు నలభై ఏండ్లు ఎడారిల తిరిగిన్రు."

"ఆళ్లకు తినేతందుకు ఆకాశంకెల్లి మన్నా కురిసింది. మా ఇంట్ల పప్పు మాడుతది."

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పశువులు కాస్తూ, దారిన దొరికిన సువార్త కరపత్రం మీద అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. వారమంతా గూడ్స్ షెడ్డులో బస్తాలు తూయించి, ఆదివారం జీతం లేకుండా ప్రసంగిస్తాను. నాకు గంట.

సంఘంలో ఇంకో సంగతి తెలిసింది. వికారాబాద్ అవతలి గుట్టల మీది పల్లెల్లో వాక్యం చెప్పే బాలమల్లు క్రిస్మస్‌కు ముందే ప్రభువు దగ్గరికి పోయాడట. ఆ స్థలం ఖాళీగా ఉంది. అక్కడ గోడలు లేవు, గడియారం అసలే లేదు.

నాకు యాభై రెండు. కాలేబు ఎనభై అయిదో ఏట యెహోషువ ముందు నిలబడి, నా బలం తగ్గలేదు, ఆ కొండసీమ నాకిమ్మని అడిగాడు. నేను కాలేబు కంటే ముప్ఫై మూడేండ్లు చిన్నవాణ్ణి.

ఆగ్నెస్‌కు చెప్పాను. నా భార్య చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"గుట్ట మీద నీకేమన్నా అయితె కిందికి ఎవ్వడు దింపుతడు?" అంది.

దవాఖానలో ఆయా పని చేసీ చేసీ ఆమెకు లోకంలో మంచాలు తప్ప ఏమీ కనబడవు.

13 జనవరి, బుధవారం

జ్ఞానశేఖర్ అయ్యగారి దగ్గరికి పోయి అడిగాను. కొత్త పాదిరి, గుంటూరు వైపు మనిషి. ముప్ఫై ఏండ్లుంటాయేమో. వేదాంత పాఠశాలలో చదివాడు.

"మీ ఆసక్తి చూస్తే సంతోషమేనండి. కానీ దేవసహాయం గారూ, ఆ పల్లెలకు వెళ్లాలంటే సైకిలు మీద ఘాటు రోడ్డు ఎక్కాలి. ఈస్టరు అయ్యాక మనిద్దరం వికారాబాదులో రైలు దిగి, సైకిళ్ల మీద పైదాకా వెళ్దాం. మీరు దిగకుండా ఎక్కితే ఆ స్థలం మీదేనండి."

నా ముఖం చూడకుండా గోడకు చెప్పాడు ఇదంతా. నేను సరేనన్నాను. ఆయన కంగారుపడ్డట్టు కనిపించింది. ఆయన కూడా ఎక్కాలి కదా.

ఆగ్నెస్ నిన్న స్త్రీల ప్రార్థనకు వాళ్లింటికి పోయి వచ్చింది. ముందే విన్నదేమో, ఆశ్చర్యపోలేదు.

"సైకిల్ మీదనా? గదెక్కడైతది. ఇడిసిపెట్టు" అంది, ఎంతో తేలిగ్గా.

నేను విడిచిపెట్టనని చెప్పాను. అప్పుడు ఆశ్చర్యపోయింది.

16 జనవరి, శనివారం

మా నాంపల్లి పక్కనే ఉన్న రెడ్‌హిల్స్ ఎత్తు సైకిలు మీద ఎక్కబోయాను. సగానికి ముందే దిగవలసి వచ్చింది. చైను వదులుగా ఉంది.

19 జనవరి, మంగళవారం

చైను బిగించారు. చైను కాదట. సీటు ఎత్తు తక్కువేమో.

23 జనవరి, శనివారం

నాకు మధ్యాహ్నం తిండికిచ్చే గంట ఒక్కటే ఉంది. ఆ గంటలో షెడ్డు నుంచి బయలుదేరి మళ్లీ షెడ్డుకే రావాలి. దూరం కొంచెమే ఉండాలి, ఎత్తు మాత్రం వీలైనంత ఉండాలి. ఇదీ లెక్క. లెక్క తేలిక. ఊరే సహకరించడం లేదు.

అబిడ్స్ అంతా చాప పరిచినట్టు ఉంది. పోస్టాఫీసు నుంచి మొజంజాహి మార్కెట్ దాకా తొక్కితే చెమట కూడా పట్టలేదు. ప్రభువు ఈ ప్రాంతాన్ని దుకాణాలు పెట్టుకునేవాళ్ల కోసమే చదును చేశాడేమో. ఎత్తు దొరుకుతుందేమోనని కాచిగూడ వైపు కూడా పోయాను. రైలు గేటు దొరికింది. దాని ముందు ఒంటికాలి మీద నిలబడి, మూసిన గేటుకు నమస్కారం పెట్టి తిరిగి వచ్చాను. షెడ్డుకు ఆలస్యం. చీవాట్లు.

25 జనవరి, సోమవారం

ఉపాయం తట్టింది. స్టేషన్ ముందు రిక్షాల అడ్డా మీద బీరయ్య అని ఒకడున్నాడు, మా షెడ్డు మనుషులకు తెలిసినవాడు. ఎత్తున్న చోట రిక్షా తొక్కేవాడు దిగి నెట్టాలి. కాబట్టి వాళ్లు వద్దనే దారులే నాకు కావలసిన దారులు.

"నువ్వు ఏ గల్లీకి కిరాయి ఒప్పుకోవు?" అని అడిగాను.

"ఎటు పోవాలె సారు?"

"నువ్వు పోనన్న కాడికే పోవాలె."

"మేం పోమన్నంక ఎట్ల పోతవ్?"

"నా సైకిల్ మీద."

బీరయ్య పక్కవాళ్ల వైపు చూశాడు. "ఇంట్ల లొల్లి అయ్యిందా సారు?" అన్నాడు మెల్లగా. అందరూ నవ్వారు. నవ్వుతూనే చెప్పారు. రెడ్‌హిల్స్ గల్లీలు మూడు. పబ్లిక్ గార్డెన్స్ దాటాక నౌబత్ పహాడ్ పక్క నుంచి పోయే దారి. అక్కడ రిక్షాలో కూర్చున్న సవారీని కూడా దింపుతారట. బషీర్‌బాగ్ నుంచి గన్‌ఫౌండ్రీకి వచ్చేటప్పుడు ఒకటి, బరువుంటేనే తెలుస్తుందట. చాపెల్ రోడ్డు మీద ఓ చిన్న ఉబ్బు.

వాళ్లు ఒక్కో దారిని తిట్టిన తిట్టును బట్టి ఏది ఎంత ఎత్తో రాసుకున్నాను. నౌబత్ పహాడ్‌ను తిట్టింది ఇక్కడ రాయరాదు.

31 జనవరి, ఆదివారం

ప్రసంగం పది నిమిషాలు. గంట. కానీ ఈ రోజు కోపం రాలేదు, ఎందుకంటే గంట మోగుతుండగానే దర్శనం లాంటిది కలిగింది. యాత్రకీర్తనలు. యెరూషలేముకు ఎక్కిపోయే భక్తులు పాడుకున్న పాటలు, మొత్తం పదిహేను. ఎక్కడానికే రాసిన పాటలు. ఇన్నాళ్లూ నా చంకలో ఉన్నాయి, నేను రిక్షావాళ్లను అడుగుతున్నాను.

ఒక్కో ఎత్తుకు ఒక్కో కీర్తన. దిగకుండా, గొంతు ఆపకుండా, మొదటి మాట నుంచి చివరి మాట దాకా బిగ్గరగా చెప్పుకుంటూ ఎక్కాలి. పదిహేను ఎత్తులు, పదిహేను కీర్తనలు. అది చేయగలిగినవాడికి ఏ ఘాటైనా ఎంత.

3 ఫిబ్రవరి, బుధవారం

దారి వేశాను. పొడుగు కీర్తనలు పొడుగు ఎత్తులకు, పొట్టివి పొట్టి ఎత్తులకు. దావీదు మొక్కుబడి గురించిన పెద్ద కీర్తన నౌబత్ పహాడ్‌కు. కొండల వైపు కన్నులెత్తేది రెడ్‌హిల్స్ మొదటి గల్లీకి. తల్లి దగ్గర ఊరుకున్న పసిపిల్ల గురించి మూడే వచనాలది ఒకటుంది, అది చాపెల్ రోడ్డు ఉబ్బుకు. దాన్ని రెండు ఊపుల్లో ముగించేయవచ్చు.

అయినా మొత్తం ఆరు ఎత్తులే తేలాయి. ఇంకా తొమ్మిది కావాలి.

5 ఫిబ్రవరి, శుక్రవారం

ఒకే ఎత్తును రెండుసార్లు ఎక్కితే ఒకటా, రెండా? రెండు రోజులు దీని మీదే ఆలోచించాను. ఒకటే అనిపించింది మొదట. అప్పుడు యెరికో గుర్తొచ్చింది. ఏడో దినాన ఏడుసార్లు తిరిగింది ఒకే గోడ చుట్టూ. ప్రభువు దాన్ని ఏడుగానే లెక్కపెట్టాడు, గోడ కూడా అలాగే లెక్కపెట్టి కూలింది. కనుక రెండే.

పదిహేను కుదిరాయి. రెడ్‌హిల్స్ మూడు గల్లీలూ రెండేసి సార్లు, నౌబత్ పహాడ్ రెండు వైపుల నుంచీ రెండేసి సార్లు, గన్‌ఫౌండ్రీ మూడు, చాపెల్ రోడ్డు రెండు.

దీన్ని ఆగ్నెస్‌కు వివరించాను. అంతా విని, "అన్నం ఎప్పుడు తింటవ్?" అంది.

11 ఫిబ్రవరి, గురువారం

నౌబత్ పహాడ్ దారిలో పోలీసు ఆపాడు.

"ఏయ్, జర ఆగు. నాలుగు దినాలసంది చూస్తున్న. ఎక్కుతవ్, దిగుతవ్, మల్ల ఎక్కుతవ్. ఏమన్న పడిపోయిందా?"

"ఏం పడలే."

"మరి ఏందిది?"

"ఎక్కుడు నేర్చుకుంటున్న."

"అరుసుకుంట ఎక్కాల్నా? ఏమన్న తాగినవా?"

"అరుసుడు కాదు, కీర్తన. దేవుని పని కోసం."

పోలీసు గుట్ట పైకి చూశాడు, కిందికి చూశాడు. "దేవుని పని కింద లేదా?" అన్నాడు.

నోట ఊపిరి తప్ప ఏమీ లేదు. ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చున్నాక జవాబు వచ్చింది. సీనాయి కొండ కింద కూడా చోటు ఉండెను కదా, ధర్మశాస్త్రం పైన ఎందుకు ఇచ్చినట్టు? ఈ మాట అక్కడే తట్టి ఉంటే ఆ పోలీసు అక్కడికక్కడే రక్షణ పొందేవాడు.

18 ఫిబ్రవరి, గురువారం

తొమ్మిది ఎత్తులు, దిగకుండా. పదోదానికి కాస్త ఆగాను. దుమ్ము.

23 ఫిబ్రవరి, మంగళవారం

పొద్దున చూస్తే ముందు చక్రంలో గాలి లేదు. ట్యూబు విప్పి తొట్టిలో ముంచి చూశాను. ఒక్క బుడగ రాలేదు. చిల్లు లేకుండా గాలి ఎలా పోతుంది? ఈ నాంపల్లిలో అన్నీ వింతలే.

26 ఫిబ్రవరి, శుక్రవారం

మళ్లీ గాలి లేదు. కొడదామంటే పంపు లేదు. తలుపు వెనక మేకుకు వేలాడేది, మేకు మాత్రం ఉంది. పక్క రెండు ఇండ్లవాళ్లను గట్టిగానే అడిగాను. ఒకామె ఏడ్చింది. ఆగ్నెస్ పోయి ఆమెను ఓదార్చి, తిరిగి వచ్చి నా వైపు చూడకుండా పొయ్యి ఊదుకుంది.

28 ఫిబ్రవరి, ఆదివారం

దొంగల మీద ప్రసంగించాను. దొంగిలించకూడదనే ఆజ్ఞ, ఆకాను గుడారంలో పాతిపెట్టిన బంగారం, అన్నీ పది నిమిషాల్లో కుక్కాను. దొంగ నీ గుడారంలోనే ఉండవచ్చు సుమా అని వేలు చూపిస్తూ అన్నాను. ముందు వరుసలో ఆగ్నెస్‌కు ఒకటే దగ్గు. బయటికి పోయి నీళ్లు తాగి వచ్చింది.

9 మార్చి, మంగళవారం

ఈసారి వెనక చక్రం. వాల్వు ట్యూబునే లాగేశారు. మనుషులు చేసేది కాదు ఇది. గుట్టల మీద సువార్త ప్రకటిస్తానంటే ఎవరికి కడుపు మంటో తెలియనివాణ్ణి కాదు.

"సాతాను పని" అన్నాను.

"ఔ. వాడే అయ్యుంటడు" అంది ఆగ్నెస్.

రెండు నెలల్లో ఆమె నాతో ఏకీభవించడం ఇదే మొదటిసారి. వాక్యం ఆమెలో కూడా పనిచేస్తున్నది.

17 మార్చి, బుధవారం

పన్నెండు ఎత్తులు. దుమ్ము ఎక్కువ. ఎండలు కూడా ముదిరాయి.

20 మార్చి, శనివారం

దుమ్ము.

22 మార్చి, సోమవారం

చొక్కా విప్పుతుంటే ఆగ్నెస్ వచ్చి నా వీపుకు చెవి ఆనించింది.

"ఏందిది?" అంది.

"దుమ్ము."

"దుమ్ము గిట్ల గుర్రుమనదు. నేను రోజూ వింట గీ చప్పుడు. డాక్టరుకు చూపించు."

కాలేబు డాక్టరుకు చూపించుకున్నాడని ఎక్కడా రాయలేదని చెప్పాను. ఏలీ గురించి రాసుంది కదా, ముసలోడు బరువుతో పీట మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి పోయిండు కదా, అంది. ఆమెకు బైబిలు నేర్పింది నేనే.

2 ఏప్రిల్, శుక్రవారం

పద్నాలుగు. మూడోసారి గన్‌ఫౌండ్రీ దగ్గర అడ్డంగా బండి వచ్చింది. లేకపోతే అయ్యేది.

9 ఏప్రిల్, శుక్రవారం

పదిహేను.

ఒక్క చోటా దిగలేదు. ఒక్క మాటా మింగలేదు. పదిహేనో కీర్తన ఆఖరి ఆశీర్వాదం రెడ్‌హిల్స్ మీద మేకల మందకు చెప్పాను. ఇంటికి రాగానే ఆగ్నెస్‌కు చెప్పాను. ఆమె కూర్చుండిపోయింది.

"మొత్తమా?" అంది.

"మొత్తం."

గుడ్డు ఉడకబెట్టి ఇచ్చింది. కళ్లు తుడుచుకుంటూ ఇచ్చింది. సంతోషమే అనుకుంటాను.

18 ఏప్రిల్, ఈస్టరు

ప్రభువు లేచాడు. నేను కూడా పొద్దున్నే లేచాను. చైనుకు నూనె వేశాను.

25 ఏప్రిల్, ఆదివారం

సంఘానికి పోలేదు. నిన్నటిది రాయాలి. రాయకపోతే మళ్లీ మళ్లీ ఎక్కుతూనే ఉంటాను దాన్ని.

నిన్న పొద్దున నాంపల్లిలో ప్యాసింజరు ఎక్కాం, నేనూ అయ్యగారూ. సైకిళ్లు సామాను వేసే బ్రేకు వ్యానులో. వికారాబాద్‌లో దిగి ఊరు దాటేసరికి ఘాటు మొదలైంది. నేను ముందు, ఆయన వెనక. రెడ్‌హిల్స్ మొదటి గల్లీ ఎలా ఎక్కుతానో అలా లేచి నిలబడి తొక్కాను, మొదటి కీర్తన అందుకుని. కీర్తన అయింది. అలవాటు ప్రకారం దిగుడు కోసం చూశాను. నాంపల్లిలో ప్రతి కీర్తన తర్వాత దిగుడు ఉంటుంది. గాలికి చొక్కా ఉబ్బుతుంది, కాళ్లు ఊరుకుంటాయి, ఛాతీ నిండుతుంది, మళ్లీ ఎక్కుడు.

ఇక్కడ దిగుడు లేదు.

సరే, మలుపు తర్వాత ఉంటుందనుకున్నాను. రెండోది అందుకున్నాను. మలుపు తర్వాత ఇంకో ఎక్కుడు. మూడు, నాలుగు, అయిదు. ఊపిరి కోసం ఆగే చోటు లేక ఒక కీర్తనలోకి ఇంకో కీర్తన పడింది. పొడుగువి పొట్టివి చూడకుండా మింగుతూ, విడుస్తూ పోయాను. చివరికి ఏది చెబుతున్నానో తెలియలేదు. సీయోను, ఆశీర్వాదం, ఆమేన్.

పదిహేనూ అయిపోయాయి. కొండ అవలేదు. సగం కూడా అవలేదు.

మూడు నెలలు నేను ఎక్కింది ఎత్తు కాదని, ముక్కలని, ఒక్కో ముక్క తర్వాత దర్జాగా దిగుతూ వచ్చానని అప్పుడు తెలిసింది. పదిహేను కావాలని కొండను పదిహేను చేశాను. కొండ మాత్రం ఒకటే.

కాలు నేలకు ఆనింది. నేను ఆనించలేదు, అదే ఆనింది. సైకిలు పడేసి రాతి మీద కూర్చున్నాను. ఛాతీలో ఎవరో మూట కడుతున్నట్టు ఉంది. అది దుమ్ము కాదు, అక్కడ దుమ్ము లేదు.

చాలాసేపటికి అయ్యగారు వచ్చారు, సైకిలు నెట్టుకుంటూ.

"రాసుకోండి అయ్యగారూ. దిగిన" అన్నాను.

"నేను మొదటి మలుపులోనే దిగానండి." పక్కన కూర్చున్నారు. నీళ్ల సీసా ఇచ్చారు. తర్వాత గోడ లేదు కాబట్టి చెట్లకు చెప్పారు. "మీరు ఇంత దూరం వస్తారని మేము అనుకోలేదండి."

"మేము అంటే?"

"సైకిలంటే ఆయనే మానుకుంటారు, ఆ మాట పెట్టండి అయ్యగారూ అన్నారు అమ్మగారు. చేతులు పట్టుకుని అడిగారండి. కాదనలేకపోయాను."

"ఏ అమ్మగారు?" అని అడిగాను. అడుగుతుండగానే తెలిసిపోయింది. మేకు, పంపు, వాల్వు ట్యూబు, ముందు వరుసలో దగ్గు.

కోప్పడాలంటే ఊపిరి కావాలి. లేదు. లేచి సైకిలు నెట్టుకుంటూ నడిచాం. పల్లెకు మాట ఇచ్చాం, జనం కూడి ఉంటారు.

ఉన్నారు. గడ్డి కప్పిన ప్రార్థన పాక ముందు పాతికమంది దాకా కూర్చున్నారు. నేను వాళ్ల ముందు నిలబడి నోరు తెరిచాను. ఈలలాంటి చప్పుడు వచ్చింది. మళ్లీ తెరిచాను. మళ్లీ ఈల. పోశవ్వ అని చూపు ఆనని ముసలామె ఒకామె నా చెయ్యి తడిమి పట్టుకుని కూర్చోబెట్టింది.

"జర కూసో బిడ్డా. ఊపిరి తీస్కో. నువ్వు చెప్పేది యాడికి పోదు" అంది.

ముంతతో నీళ్లిచ్చింది. నేను మాట్లాడలేకపోయాను కాబట్టి వాళ్లు మాట్లాడారు. ఒకడి బర్రె ఈనడం లేదు. అన్నదమ్ములిద్దరికి బావి దగ్గర తగాదా, ఇద్దరూ నాకే చెప్పారు, ఒకరి తర్వాత ఒకరు. పోశవ్వ కోడలు పుట్టింటికి పోయి రావడం లేదు, తప్పు తనదేనని పోశవ్వ అంది. నేను తల ఊపాను. అంతకంటే చేయగలిగింది లేదు. పొద్దు వాలేదాకా తల ఊపాను. ఏలీయా గురించి ఒక్క మాట చెప్పలేదు. ఇంత దూరం పోయి, సువార్త విప్పకుండానే మడిచి తెచ్చాను.

అదే రోజు, సాయంత్రం

ఆగ్నెస్ బెండకాయలు తరుగుతోంది.

"గాలి తీసింది నువ్వేనా?" అన్నాను.

"ఔ."

"పంపు?"

"బియ్యం డబ్బల ఉంది."

"వాల్వు ట్యూబు?"

"పొయ్యిల ఏసిన."

"సాతాను అంటె ఔ అన్నవ్ కద?"

"నువ్వే అన్నవ్. నీకు ఎన్నడన్న ఎదురు చెప్పిన్నా?"

నేను గొంతు పెంచాను. పెరగలేదు, దగ్గొచ్చింది. ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"ఎద పట్టుకొని వచ్చినోళ్లను మంచం మీదికి ఎక్కించేది నేను. దింపేది గూడ నేనే. నీకు చెప్తె ఇంటవా? దేవుడు పిలిచిండంటవ్. దేవునికి ఎదురు నేనెట్ల చెప్త? గాలికైతె చెప్పొచ్చు."

"దాని కోసం దొంగతనమా?"

"బిలాము గాడిద మూడుసార్లు ఆగింది. మూడుసార్లు దాన్నే కొట్టిండు. దారికి అడ్డం దేవదూత నిలవడ్డడని చూడలే." బెండకాయలు మళ్లీ అందుకుంది. "నువ్వు ఇరుగుపొరుగును తిట్టినవ్."

ఆమెకు బైబిలు నేర్పడం నేను చేసిన పనుల్లోకెల్లా తొందరపాటు పని.

29 ఏప్రిల్, గురువారం

డాక్టరుకు చూపించాను. ఆగ్నెసే తీసుకుపోయింది. గుండె కొంచెం పెద్దదైందట. నడవవచ్చు, మెల్లగా. సైకిలు మీద ఎత్తులు వద్దు. మందు రాశాడు. ఎక్కువ అరవవద్దు అని కూడా అన్నాడు. అది ఆగ్నెస్ చెప్పించిందో, ఆయనే అన్నాడో తెలియదు. ఇక ఎవరినీ నమ్మను.

గుట్టల మాట ముగిసింది. జార్జి, గంట, పది నిమిషాలు, చచ్చేదాకా.

5 మే, బుధవారం

అయ్యగారు ఇంటికి వచ్చారు. ఆగ్నెస్ కుర్చీ తుడిచి వేసింది. ఆయన ఈసారి నా ముఖమే చూశారు.

"గుట్ట మీది పల్లెవాళ్లు కబురు పంపారండి. మొన్న వచ్చి కూర్చున్న పెద్దమనిషినే పంపండి, వేరే ఎవరూ వద్దు అన్నారు. స్థలం మీదే, మీకు ఒంట్లో వీలైతే."

"నేను ఎక్కలేదు కదా."

"సైకిలుతో పనేం లేదండి. బాలమల్లు గారికి సైకిలు ఎప్పుడూ లేదు. నడిచే వెళ్లేవారు, ప్రతి మలుపులో కూర్చుంటూ."

మూడు నెలలు. పదిహేను ఎత్తులు. పోలీసు. ఏడ్చిన పొరుగింటామె. నడిచే వెళ్లేవారట.

"అయినా వాళ్లు నా వాక్యం వినలేదు. నేనెవరో వాళ్లకు తెలియదు. నోట మాట రాని రోజు చూసి రమ్మంటున్నారు. ఇది మోసం" అన్నాను. "ముందు ఒకసారి పోయి సరిగ్గా ప్రసంగించి వస్తాను. విన్నాక కావాలంటే పిలవమనండి."

ఆగ్నెస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు, బయటికే నవ్వింది. జనవరి నుంచి ఈ ఇంట్లో అది మొదటి నవ్వు. అయ్యగారు కూడా నవ్వబోయి నన్ను చూసి మానుకున్నారు.

6 మే, గురువారం

ఆగ్నెస్ తెగేసి చెప్పింది. పోవచ్చట. దవాఖానలో సెలవు పెట్టి ఆమె కూడా వస్తుందట. "ఎక్కేటప్పుడు నా ఎనక నడువు. ఎక్కినంక జరసేపు నోరు ముయ్యి. గంతే."

నేను ఆలోచిస్తానన్నాను. ఆమె అప్పటికే నా రెండు పంచెలు మడత పెట్టింది.

30 మే, ఆదివారం

గూడ్స్ షెడ్డుకు రాజీనామా ఇచ్చాను. వికారాబాద్ స్టేషన్ వెనక ఒక గది చూశాం. నాంపల్లిలో ఈ రోజు చివరి ప్రసంగం. జార్జి గంట కొట్టాడు. చివరిదే కదా అని ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. నియమం నియమమే అన్నాడు, కావలించుకుని.

3 జూన్, గురువారం. వికారాబాద్

నిన్న గుట్ట ఎక్కాం. ఆగ్నెస్ ముందు, నేను వెనక. మలుపు మలుపుకూ కూర్చోబెట్టింది. ఇంకో మనిషైతే ఆ వేళకు ఎక్కి దిగి అన్నం తిని పడుకునేవాడు. కానీ పైకి చేరేసరికి ఊపిరి నిండుగా ఉంది. గొంతులో ఈల లేదు. ఛాతీ హాయిగా ఉంది.

ఆగ్నెస్ షరతు ప్రకారం నీళ్లు తాగేంతసేపు నోరు మూసుకున్నాను. తర్వాత లేచాను. యోనా. ఓడ, తుఫాను, చేప కడుపులో మూడు దినాలు, నీనెవె వీధులు. ఎక్కడా కుదించలేదు. నీనెవె రాజు గోనెపట్ట కట్టుకునే చోట నా గొంతు అవతలి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. జనం కదలకుండా కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు నిద్రపోయారు, కానీ కదలకుండానే.

ముగించి చెమట తుడుచుకుంటుంటే పోశవ్వ కర్ర పొడుచుకుంటూ ఆగ్నెస్ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, మొన్న ఒకాయన వచ్చిండు. ఆయన మల్ల ఎప్పుడొస్తడు?"

"ఏ ఆయన అవ్వా?"

"మా మాటంత ఇన్నడు. మంచోడు. నా కోడలి ముచ్చట గూడ ఇన్నడు. పిల్ల మొన్ననే తిరిగొచ్చింది, ఆయనకు చెప్పాలె."

నేను దగ్గరికి పోయి, "అవ్వా, ఆయన నేనే" అన్నాను.

పోశవ్వ కళ్లు చికిలించి నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. చెయ్యి పట్టుకుని తడిమింది కూడా.

"కాదు బిడ్డా. ఆయన వేరే. గిట్ల అరవడు" అంది.

నేనేనని మళ్లీ చెప్పాను, కొంచెం గట్టిగా. గట్టిగా చెప్పిన కొద్దీ ఆమె నమ్మలేదు.

ఆగ్నెస్ ముసలామె భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే బుధవారం ఆయన్నే తోలుకొస్త అవ్వా, ఫికర్ చెయ్యకు" అని మాట ఇచ్చింది.

నన్ను ఒక్క మాట అడగలేదు.